మా వియ్యంకుడి ఊపిరి పడ్డ పాటలు

మా వియ్యంకుడు పోయాడు. ఎండలు ముదరక ముందే, ఒక మధ్యాహ్నం అన్నం తిని పడక్కుర్చీలో వాలినవాడు మళ్ళీ లేవలేదు. నందిగామ నుంచి మా అల్లుడు ఫోను చేసి "మావయ్యగారూ, నాన్న ఇక లేరు" అన్నాడు. నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నేనడుగుతూ వచ్చిన ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పకుండా పోయాడని కోపం. పోయినవాళ్ళ గురించి మంచే రాయాలంటారు. మంచి చాలా ఉంది, రాస్తాను. కోపం కూడా రాస్తాను. అది దాచి మంచి ఒక్కటే రాస్తే, చదివి ముందు నవ్వేవాడు మా వియ్యంకుడే.

మా అమ్మాయి పెళ్ళి నాటి సంగతి ఇది. తలంబ్రాలు అయ్యాయి. ఆడవాళ్ళు హారతి పళ్ళెం తెచ్చారు. కూతురికి తండ్రి మంగళహారతి పాడకూడదని ఎక్కడా లేదు. నేను మైకు అందుకుని గొంతు సవరించుకున్నాను. పెళ్ళికొడుకు తండ్రి, అంటే మా వియ్యంకుడు, గబగబా వచ్చి నా చేతిలోంచి మైకు లాక్కున్నాడు. "బావగారూ, మీ గొంతు ఇక్కడొద్దు" అన్నాడు. నా చెవిలో మెల్లిగానే అన్నాడు. కానీ మైకు ఆయన చేతిలో ఉంది, ఆన్‌లో ఉంది. పందిరంతా విన్నది.

ఎందుకన్నాడో ఎవరికీ విప్పి చెప్పక్కర్లేదు. నేను చావు ఇళ్ళలో పాడేవాణ్ణి. జగ్గయ్యపేట చుట్టుపక్కల ఏ ఊళ్ళో ఎవరు కాలం చేసినా మా భజన జట్టుకి కబురొచ్చేది. శవం లేచేదాకా తత్వాలు పాడేవాళ్ళం. చరణం నేనెత్తితే జట్టు వంత పాడేది. ఆ తత్వాలు ఎక్కడా రాసి లేవు. మా గురువు నోట్లోంచి నా నోట్లోకి వచ్చాయి. పగలంతా సున్నపురాయి క్వారీలో సమ్మెట కొట్టి, సాయంత్రం ఆయన అరుగు కింద కూర్చుని నేర్చుకున్నాను. నా గొంతు వినపడితే ఏ వీధిలోనైనా తలుపులు తీసి "ఎవరు పోయారు?" అని అడిగేవాళ్ళు. నాకది పరువే గాని తక్కువ కాదు. పిలవని చావుకి వెళ్ళలేదు, పిలిచిన చావుకి మానలేదు. అలాంటి గొంతుని పెళ్ళి పందిట్లో వద్దన్నాడు. నేను కండువా దులుపుకుని వచ్చి వెనక కుర్చీలో కూర్చున్నాను. ఆ పూట భోజనం చేశాను, చేయలేదనను. రుచి మాత్రం తెలియలేదు.

ఇప్పుడా గొంతు నా దగ్గర లేదు. పోయినేడు గొంతుకి ఆపరేషన్ చేశారు. మాట వస్తుంది, పాట రాదు. జట్టులో మిగతావాళ్ళకి వంత తెలుసు గాని చరణాలు తెలియవు. నేర్చుకుందామని వచ్చే పిల్లలు లేరు, వైకుంఠరథం బండ్లవాళ్ళు పాటలు వాళ్ళే వేసుకుంటున్నారు. నా పాటలన్నీ ఇప్పుడు ఒక్కచోటే ఉన్నాయి, మా వియ్యంకుడి కంప్యూటరులో. దాన్ని ఎవరింట్లో ఉంచాలి, అసలు ఉంచాలా చెరపాలా అన్నదే మా రెండిళ్ళ మధ్య తగువు. నేను అక్షరం అక్షరం కూడబలుక్కుని ఇంత పొడుగు రాస్తున్నది దాని కోసమే.

మా వియ్యంకుడు సిమెంటు ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాడు. చొక్కా జేబులో పెన్ను ఉండేది కాదు, టెస్టర్ ఉండేది. ఎవరింటికెళ్ళినా మంచినీళ్ళు అందుకునే ముందు స్విచ్చిబోర్డులో టెస్టర్ పెట్టి చూసేవాడు. "ముందు ఎర్తింగు చూసుకోవాలి, తర్వాతే దేవుణ్ణి" అనేవాడు. ఏదైనా ఆలోచిస్తుంటే ఆ టెస్టర్‌తోనే పళ్ళ మీద టకటక కొట్టుకునేవాడు. టీ సాసర్లో పోసుకుని, ఊదకుండా, చల్లారేదాకా దాన్నే చూస్తూ కూర్చునేవాడు. నేను గడగడా తాగేస్తే "బావగారూ, మీరు టీని చంపేస్తున్నారు" అనేవాడు. ఎవరి మీదా గొంతు పెంచడం నేను చూడలేదు. గొంతు పెంచకుండానే మనిషిని కూర్చోబెట్టగలడు. నాకు పందిట్లోనే తెలిసింది.

రిటైరయ్యాక ఒకరోజు ఆయనే మా ఇంటికి వచ్చాడు. అలవాటుగా బోర్డు చూశాడు, టీ తాగాడు, కాసేపు పళ్ళు కొట్టుకున్నాడు. "మీ పాటలన్నీ రికార్డు చేసిపెడదాం బావగారూ. నాకు మీ గొంతు కావాలి" అన్నాడు.

"ఆ రోజు వద్దన్న గొంతు ఈ రోజెందుకయ్యా?" అన్నాను.

"చెప్తా. పాటలన్నీ అయ్యాక చెప్తా."

ఆ జవాబు వినడానికే వెళ్ళాను. లేకపోతే చిల్లకల్లు దాటి నందిగామ వైపు అడుగు వేసేవాణ్ణి కాను.

నందిగామలో ఒక కంప్యూటర్ సెంటర్ మూతపడితే అక్కడి నుంచి పాత కంప్యూటరు ఒకటి తెచ్చాడు. అది బండరాయి కన్నా మెల్లిగా కదిలేది. మైకు తగిలిస్తే ఊపిరాడనట్టు ఆగిపోయేది. ఫోనులో వీడియోలు చూసి చూసి, దానిలో ఉన్నదంతా తుడిచేసి కొత్తగా ఒకటి ఎక్కించాలని తేల్చాడు. లినక్స్ అంటారట. అందులో ఇంట్లో పాటలు రికార్డు చేసుకునేవాళ్ళ కోసమే కట్టిపెట్టిన రకం కూడా ఉందట. పెన్‌డ్రైవ్‌లోకి దింపుకున్నాడు. అది ఎక్కుతున్నంతసేపూ నేను పక్కన స్టూలు మీద కూర్చున్నాను. తెర మీద అక్షరాలు చీమల బారులా పైకి పోతున్నాయి.

"ఇది ఏ కంపెనీదయ్యా?" అని అడిగాను.

"ఎవరిదీ కాదు బావగారూ. లోకంలో ఎవరెవరో తలా ఒక ముక్క చేసి పెట్టారు. ఎవరైనా వాడుకోవచ్చు. నచ్చకపోతే మార్చుకోవచ్చు. నీకు అందినట్టే ఇంకొకడికి అందనివ్వాలి, అదొక్కటే షరతు."

"దీనికింత హడావుడా? మా తత్వాలూ అంతే" అన్నాను. నిజమే కదా. తత్వాన్ని ఎవరు కట్టారో మాకు తెలియదు. నేర్చుకున్న ప్రతివాడూ చేతనైతే ఒక చరణం కలుపుతాడు. మా గురువు కలిపాడు, నేను కలిపాను. అడిగినవాడికి నేర్పను అనకూడదు. ఈ మాట చెప్తే మా వియ్యంకుడు టెస్టర్ కొట్టుకోవడం ఆపి నా వైపు చూశాడు. "అయితే మీరు నాకన్నా ముందు నుంచీ లినక్స్ వాళ్ళే" అన్నాడు.

మొదటి రోజు నా గొంతు వెనక ఒకటే గుయ్యిమని మోత పడింది. నాకు నచ్చింది. తంబుర లేకుండానే శ్రుతి వస్తోందని, దానికి పట్టుగా ఒక కోలాటం పాట పాడేశాను కూడా. ఆయన తల పట్టుకున్నాడు. అది శ్రుతి కాదు, ఎర్తు సరిగా లేక కరెంటు చేసే మోతట. మర్నాడు పెరట్లో గొయ్యి తవ్వి, బొగ్గూ ఉప్పూ పోసి, నీళ్ళు పోసి, తీగె దింపాడు. మోత పోయింది. నా పాట బోసిగా మిగిలింది. "ఆ మోతే ఉంచాల్సింది" అని ఎన్నిసార్లు అన్నానో. "మీకు దయ్యమైనా సరే, శ్రుతి కలిస్తే చాలు" అనేవాడు.

దయ్యం మాట ఆయన నవ్వులాటకి అన్నాడు గాని, ఒకటి జరిగింది. హెడ్‌ఫోన్లు పెట్టి పాడమన్నాడు. పెట్టుకుని ఎత్తాను. నా గొంతు నా చెవుల్లోకి వెంటనే రావడం లేదు. నేను మాట అనేశాక, ఒక అర అడుగు వెనకాల, ఇంకొకడు అదే మాట అంటున్నాడు. మా గురువు చెప్పేవాడు, శవం దగ్గర పాడేటప్పుడు చెవి పెట్టి వింటే పోయినవాడి వంత అర అడుగు వెనకగా వినపడుతుందని. ఇన్నేళ్ళలో నాకెప్పుడూ వినపడలేదు. నందిగామలో, పగటి పూట, ఫ్యాను కింద వినపడింది. హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాను. భయపడ్డానని మా వియ్యంకుడు అందరికీ చెప్పాడు. భయపడలేదు. ఎవడా అని చూశాను.

"అది మీ గొంతే బావగారూ. మిషనులోకి వెళ్ళి బయటికి రావడానికి కొంచెం టైము పడుతోంది. ఆ వెనకబాటు తీసేస్తా" అన్నాడు. దాని కోసం కొన్ని రోజులు కుస్తీ పట్టాడు. ఆ సాఫ్ట్‌వేర్‌లో గుండెకాయ లాంటి భాగం ఒకటి ఉంటుందట, దాన్నే తీసి వేరే రకం పెట్టాడు. "ఇప్పుడు ఏ పని మధ్యలో ఉన్నా, పాట వస్తే మిగతావన్నీ పక్కకి జరుగుతాయి. హైవే మీద అంబులెన్సుకి దారి ఇచ్చినట్టు" అన్నాడు. మళ్ళీ పాడితే వెనకవాడు లేడు. నేనొక్కణ్ణే ఉన్నాను. ఆయన సంతోషపడ్డాడు. నాకెందుకో ఒంటరిగా అనిపించింది.

కోలాటం పాటలు, కోతల పాటలు అయిపోయాయి. "ఇక తత్వాలు" అన్నాడు. నేను కుదరదన్నాను. మా గురువు నా చేత ప్రమాణం చేయించిన నియమం ఒకటుంది, శవం లేని గడపలో ఈ తత్వాలు ఎత్తకూడదు. ఎత్తితే పాట ఖాళీగా పోదు, ఎవరినో ఒకరిని వెతుక్కుంటుంది అనేవాడు. మా అమ్మాయి చిన్నప్పుడు వంటింట్లో ఒక చరణం కూనిరాగం తీస్తే నోరు మూయించి, గడపలో నీళ్ళు పోయించాను. నా ఇంట్లో నేను కూడా ఎప్పుడూ పాడలేదు. అందుకే నా భార్యకి కూడా నా పాట తెలియదు, వేరే వాళ్ళ ఇళ్ళలో విన్నది తప్ప.

మా వియ్యంకుడు వాదించలేదు. టెస్టర్‌తో పళ్ళు కొట్టుకున్నాడు. "శవం ఉంటే పాడతారా?" అన్నాడు.

"ఉంటే పాడక?"

లేచి వెళ్ళి చాప తెచ్చాడు. గది మధ్యలో పరిచాడు. "తల దక్షిణానికేగా?" అని అడిగి, పడుకుని, పంచె గడ్డం దాకా లాక్కున్నాడు. హెడ్‌ఫోన్లు చెవులకి పెట్టుకున్నాడు. "శవం రెడీ. ఎత్తండి" అన్నాడు.

"శవం మాట్లాడదు" అన్నాను.

"అయితే కీబోర్డు మీద ఆ పొడుగు మీట మీరే నొక్కాలి. నొక్కి ఎత్తండి" అని కళ్ళు మూసుకున్నాడు.

నవ్వాలో తిట్టాలో తెలియలేదు. నియమం ప్రకారం శవం ఉంది. ఊపిరి తీస్తోంది, అంతే తేడా. నేను ఎప్పటిలాగే తల దగ్గర నేల మీద కూర్చున్నాను, మైకు మా ఇద్దరి మధ్యా కింద పెట్టి ఉంది. పొడుగు మీట నొక్కి ఎత్తాను. ఎన్ని వందల ఇళ్ళలో పాడానో గాని, ఎప్పుడూ అలా పాడలేదు. ప్రతి చావు ఇంట్లో ఏడుపుల మధ్య పాడాలి, ఏడుపుని దాటి పాడాలి. ఇక్కడ ఏడ్చేవాళ్ళు లేరు. పడుకున్నవాడు వింటున్నాడు. చరణానికీ చరణానికీ మధ్య "ఊఁ" అంటున్నాడు. నా పాట శవానికి వినపడడం నా జన్మలో అదే మొదలు.

తర్వాత వింటే, పాట కింద ఆయన ఊపిరి పడింది. బరువుగా, నెమ్మదిగా, ఎవరో నిద్రపోతున్నట్టు. ఇంకోసారి పాడదామన్నాను. ఒప్పుకోలేదు. "పడితే పడనివ్వండి. శవానికి ఊపిరి ఉంటే ఎవరికి నష్టం?" అన్నాడు.

ఆ చలికాలమంతా అలాగే గడిచింది. నేను భజన తాళాలు సంచిలో వేసుకుని జగ్గయ్యపేటలో బస్సెక్కేవాణ్ణి. తెలిసినవాళ్ళు చూసి "నందిగామలో ఎవరు పోయారండీ?" అని అడిగేవాళ్ళు. "ఎవరూ పోలేదు, పాటలు రికార్డు చేస్తున్నాం" అంటే నమ్మేవాళ్ళు కాదు. ఒకావిడ నేనేదో దాస్తున్నాననుకుని, మా వియ్యంకుడి క్షేమం కనుక్కోవడానికి ఆయనకే ఫోను చేసింది. "నేను పోయినట్టు వచ్చిన వార్త ఇంకా రూఢి కాలేదమ్మా" అన్నాడట.

మా అమ్మాయికి మాత్రం ఇందులో నవ్వు కనపడలేదు. తలుపు మూసి చేస్తున్నాం కాబట్టి మొదట్లో ఆమెకి తెలియదు. ఒకరోజు టీ తీసుకుని లోపలికి వచ్చింది. నేల మీద తల దక్షిణంగా ఆయన, తల దగ్గర నేను, నా నోట్లో ఆ పాట. గ్లాసులు చేతిలోంచి జారిపోయాయి. "మావయ్యగారూ, లేవండి" అంది. ఆయన లేచి కూర్చుని, పంచె సర్దుకుని, నేల మీద గాజుపెంకులు ఏరడం మొదలుపెట్టాడు.

ఆ సాయంత్రం ఆమెకి ఆయన చెప్పింది నాకు మాట మాట గుర్తుంది. "చచ్చాక నా ముందు ఎంత బాగా పాడితే నాకేం తెలుస్తుందమ్మా? నా కోసం పాడేదేదో నేను ఉండగానే వింటున్నా. అందులో తప్పేముంది?"

"తప్పో ఒప్పో నాకు తెలీదు మావయ్యగారూ. మా నాన్న నాకు నేర్పిందే నాకు తెలుసు" అంది.

ఆమె చెప్పింది నిజం. ఆయన చెప్పింది కూడా అబద్ధం కాదు. అప్పటి నుంచి మేం పాడే రోజుల్లో మా అమ్మాయి ఇంట్లో ఉండేది కాదు. తలుపు దగ్గరికి వేసి, పక్కింటికి వెళ్ళి కూర్చునేది.

ఆఖరుగా రికార్డయిన తత్వానికి ఆయన కూడా ఒక చరణం కలిపాడు. నియమం ప్రకారం కలపొచ్చు. "బల్బు మాడిందని ఏడ్చేవాడా, కరెంటు మాడిందా చెప్పవేరా" అని. తత్వంలో బల్బేమిటయ్యా అని కసిరాను గాని, తాళానికి చక్కగా ఒదిగింది. పాడాను. తన చరణం నా నోట వచ్చేసరికి శవం ఆపుకోలేక నవ్వింది. నవ్వు కూడా పాటలో పడింది. అది కూడా తీయనివ్వలేదు. ఇంకా ఒకటి రెండు తత్వాలు మిగిలాయి. అవి అయ్యాక నా ప్రశ్నకి జవాబు చెప్పాలి. ఈలోగా నాకు గొంతులో పుండు బయటపడింది, విజయవాడలో ఆపరేషన్ అయింది. మిగిలినవి మిగిలిపోయాయి. ఆస్పత్రికి వచ్చినప్పుడు సైగ చేసి అడిగాను, మైకు లాక్కున్నట్టు చేతితో చూపించి. "పాటలు అవలేదుగా బావగారూ" అన్నాడు. నా చెయ్యి పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు.

ఆయన పోయిన రోజు నేను వెళ్ళేసరికి ఐసుపెట్టెలో పడుకోబెట్టి ఉన్నారు, తల దగ్గర దీపం పెట్టి. మా జట్టు కూడా వచ్చింది. తాళాలు పట్టుకుని కూర్చుని అందరూ నా వైపు చూశారు. నేను నేల చూశాను. ఆ ఇంట్లో పాట లేకుండా శవం లేవడం ఎలాగ అని ఎవరో అన్నారు. మా అల్లుడు లోపలికి వెళ్ళి, గదిలో ఉన్న ఆ కంప్యూటరుకి స్పీకరు తగిలించి హాల్లో పెట్టాడు. మంచి మనసుతోనే చేశాడు. వాళ్ళ నాన్న అంత ఇష్టపడి పట్టిన పాటలు, ఆ రోజు కాక ఇంకెప్పుడు?

నా గొంతు హాల్లో ఎత్తుకుంది. నేను నోరు మూసుకుని కూర్చుని ఉండగా నా గొంతు పాడుతోంది. జట్టు వంత అందుకుంది. ఏడుస్తున్న ఆడవాళ్ళు మెల్లిగా సర్దుకున్నారు. ఏడుపు తగ్గేసరికి పాట కింద ఉన్నది పైకి వినపడడం మొదలైంది. ఊపిరి. బరువుగా, నెమ్మదిగా. ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఒక్కొక్కళ్ళే ఐసుపెట్టె వైపు తిరిగారు. పెట్టె అద్దం మీద తేమ పట్టి ఉంది. ఐసుపెట్టెలకి అది మామూలే, నేను చాలా చూశాను. కానీ ఆ ఊపిరి వింటూ ఆ తేమ చూడడం నాకూ కొత్త. జట్టులో ఒకడు తాళం తప్పాడు. "ఊఁ" అంది స్పీకరు.

ఏ పాట నడుస్తోందో అప్పుడు నాకు తెలిసింది. ఆఖరి తత్వం. ఆయన చరణం వస్తోంది. దాని వెనక నవ్వు వస్తుంది. ఆపమని చెప్దామని లేచాను. అల్లుడు అవతల బంధువుల మధ్య ఉన్నాడు, ఆపరేషన్ అయిన నా గొంతు ఆ పాటని దాటి అక్కడిదాకా వెళ్ళలేదు. నా గొంతుని నా గొంతే తొక్కేసింది. బల్బు చరణం వచ్చింది. నవ్వు వచ్చింది. చిన్నగా, కడుపులోంచి, పంచె కింద దాచుకున్న నవ్వు.

మా అమ్మాయి శవం పక్క నుంచి లేచి వెళ్ళి గోడలోంచి వైరు పీకేసింది. మళ్ళీ వచ్చి అక్కడే కూర్చుని పెట్టె అద్దాన్ని కొంగుతో తుడిచింది. తుడిచిన కొద్దీ తేమ పడుతూనే ఉంది. ఆయన్ని పాట లేకుండానే తీసుకెళ్ళాం.

పెద్దకర్మ అయ్యాక మా అమ్మాయి నన్ను పెరట్లోకి పిలిచింది. "నీ పాటల మీద నాకు కోపం లేదు నాన్నా. మిషను ఆపేసి ఉన్నా ఆ గది ముందు నడిస్తే ఆయన ఊపిరి వినిపిస్తోంది. నేను ఆ ఇంట్లో బతకాలి. చెరిపేస్తారో, తీసుకెళ్తారో మీరే చూసుకోండి" అంది. నా పాటలే ఆయన్ని వెతుక్కుని తీసుకుపోయాయని ఆమె నోటితో అనలేదు. నేను నేర్పిన లెక్క ప్రకారం అంతే కదా. ఆయన గుండె జబ్బు పాతదని డాక్టరు చెప్పాడు. డాక్టరు మాట నమ్ముతాను. మా గురువు మాట కూడా మరిచిపోలేను.

మా అల్లుడు మధ్యేమార్గం ఒకటి చెప్పాడు. ఆ కంప్యూటరులోనే పాటని ఉంచి ఊపిరిని మాత్రం తీసేసే వీలుందట. అప్పుడైనా ఇంట్లో ఉంచుకోవచ్చేమో అన్నాడు. "నీ తండ్రి ఊపిరి, నీ చేత్తోనే తియ్యి" అన్నాను. కుర్చీలో కూర్చున్నాడు. మౌస్ మీద చెయ్యి పెట్టాడు. ఏమీ నొక్కకుండానే చెయ్యి తీసేసి బయటికి వెళ్ళిపోయాడు. "మైకు లాక్కున్నవాడే తిరిగి మైకు తెచ్చి మీ ముందు పెట్టాడు, అదే జవాబనుకోండి మావయ్యగారూ" అని తర్వాత నాతో అన్నాడు. నాకు చాలదు. నోటితో అన్న మాటకి నోటితోనే జవాబు కావాలి. అది ఇక రాదు.

కంప్యూటరుని నేను తెచ్చేశాను. నా ఇంట్లో పెట్టలేను, గురువు దగ్గర ప్రమాణం చేసినవాణ్ణి నేను. మా పత్తి చేలో మోటారు గదిలో పెట్టాను, అది ఎవరూ కాపురం ఉండే గడప కాదు. కానీ అక్కడ దుమ్ము, వేడి, బల్లులు. ఎక్కువ కాలం బతకదని మా అల్లుడు చెప్తున్నాడు.

అందుకే ఇది చదువుతున్న మిమ్మల్ని అడుగుతున్నాను. ప్రమాణం చేసింది నేను, మీరు కాదు. కాపీ చేసుకుంటే అసలుది తరిగిపోదట, ఎంతమందైనా తీసుకోవచ్చట. ఒకటే షరతు. ఊపిరి తీయకూడదు, నవ్వు తీయకూడదు. మనుషులు తిని, పడుకుని, పిల్లల్ని పెంచుకునే ఇంట్లో వాటిని ఉంచుకోవాలి. అడిగినవాడికి ఇవ్వాలి. అలాంటి గడప ఒక్కటి ఉన్నా చాలు. లేకపోతే చెరిపెయ్యమని అల్లుడికి నేనే చెప్తాను, చెప్పలేక మానను. మహాలయ అమావాస్య దాకా ఆగుతాను. ఆ రోజు పోయినవాళ్ళు గడప దాకా వస్తారంటారు. ఆయన వస్తే ఏదో ఒకటి చెప్పాలి.

చేలో కరెంటు వచ్చినప్పుడల్లా మోటారుతో పాటు ఆ మిషను కూడా తనంతట తనే లేస్తుంది. నాకు చేతకాదని ఆయనే అలా పెట్టాడు. తెర మీద ఆఖరి పాట పరుచుకుని ఉంటుంది, పొడుగు మీట నొక్కడమే తరువాయి. నా గొంతు ఉన్న చోటల్లా గీతలు కొండల్లా లేచి ఉంటాయి. కొండకీ కొండకీ మధ్య, చదునుగా ఉండాల్సిన చోట, చిన్న చిన్న అలలు ఉంటాయి, లేస్తూ పడుతూ. బయట కాలవలో నీళ్ళు పోతుంటాయి. నేను గుమ్మంలో నిలబడి, మీట నొక్కకుండా, ఆ అలల్నే చూస్తుంటాను. ఉంచుకుంటారా, లేదా? అమావాస్య లోపల చెప్పండి.